పెట్ట చేసే పని పెట్టె చేయగలదా?



మన హాస్టల్లో చదివిన ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుమానం వచ్చే ఉంటుంది: "మనకు పెట్టే గుడ్డును ఉడకబెట్టకుండా పొదిగిస్తే పిల్ల అవుతుందా?" నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఈ అనుమానం తీర్చుకుందామని వంటగదిలో ఒక పచ్చి గుడ్డు అడిగి తెచ్చుకున్నాను. పాత తువ్వాలులో చుట్టి ట్రంకు పెట్టెలో బట్టల మధ్య దాచాను. ఇరవై ఒక్క రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఇరవై రెండో రోజున పిల్ల రాలేదు, వాసన వచ్చింది. ఆ రోజు నా చొక్కాలన్నీ రెండుసార్లు ఉతకాల్సి వచ్చింది. మా గదిలోవాళ్లు నన్ను చాలాకాలం "కోడిపెట్ట" అనే పిలిచారు.

ఆ గుడ్డు ఎందుకు పిల్ల కాలేదో నాకు జంతుశాస్త్రం చదివాక గానీ పూర్తిగా అర్థం కాలేదు. తర్వాత తర్లుపాడులో మా ఇంట్లోనే ఒక చిన్న ఇంక్యుబేటరు పెట్టె తయారుచేసి గుడ్లు పొదిగించాను. ఒకసారి ఘోరంగా పోయింది, ఒకసారి బాగా వచ్చింది. ఆ రెండు అనుభవాల నుంచి నేర్చుకున్నదే ఈ వ్యాసం. మొన్న వానాకాలంలో మన హాస్టల్ తమ్ముడొకడు ఫోన్ చేసి, "అన్నా, కొండ పక్క చేలో నెమలి గుడ్లు దొరికాయి, నీ పెట్టెలో పెడదామా?" అని అడిగాడు. వాడికి చెప్పిన జవాబు చివర్లో రాస్తాను. అది కూడా ఈ పాఠంలో భాగమే.

ఏ గుడ్డు పిల్ల అవుతుంది?

మొదట హాస్టల్ గుడ్డు సంగతి. కోడిపెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అవసరం లేదు. ఆ గుడ్డు పిల్ల కావడానికి మాత్రం పుంజు కావాలి. మనకు వచ్చేవి లేయర్ ఫారాల గుడ్లు. ఆ ఫారాల్లో పుంజులే ఉండవు. కాబట్టి ఆ గుడ్డులో పచ్చసొన ఉంటుంది, తెల్లసొన ఉంటుంది, ప్రాణం మొదలయ్యే కణం మాత్రం ఫలదీకరణ చెంది ఉండదు. దాన్ని ఎంత వెచ్చగా దాచినా కుళ్లుతుంది తప్ప పిల్ల కాదు. తినడానికి అది మంచి గుడ్డే, పొదిగించడానికి పనికిరాదు.

ఇళ్ల దగ్గర తిరిగే నాటుకోళ్ల సంగతి వేరు. ఎనిమిది, పది పెట్టలకు ఒక మంచి పుంజు ఉంటే చాలావరకు గుడ్లు ఫలదీకరణ చెందుతాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది. గ్రామప్రియ పెట్టలు నాటుకోడి కంటే చాలా ఎక్కువ గుడ్లు పెడతాయి కానీ పొదుగుకు కూర్చోవడం అరుదు. గుడ్లు ఎక్కువ కావాలని ఎంపిక చేసుకుంటూ పోతే పొదిగే గుణం తగ్గిపోతుంది. అలాంటి కోళ్ల గుడ్లకు నాటుపెట్ట గానీ ఇంక్యుబేటరు గానీ దిక్కు.

నాటుపెట్ట విషయంలో ఇంకో లెక్క ఉంది. అది పది, పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఇరవై ఒక్క రోజులు పొదుగుతుంది. పిల్లల్ని వెంటేసుకుని సుమారు రెండు నెలలు తిరుగుతుంది. ఆ కాలమంతా గుడ్లు పెట్టదు. అందుకే ఏడాదికి మూడు, నాలుగు విడతలు మించవు. పొదిగే పని పెట్టెకు అప్పగిస్తే పెట్ట త్వరగా మళ్లీ గుడ్లకు వస్తుంది. మన ప్రాంతంలో వానలు సరిగా పడని ఏడాది పొలం మీద రాబడి ఉండదు. నోటు పుస్తకాలకూ, బస్సు ఛార్జీలకూ అమ్మ చేతిలోకి వచ్చే డబ్బు చాలాసార్లు కోడి అమ్మిన డబ్బే. అందుకే ఇది సరదాగా చేసి వదిలేసే ప్రయోగం కాదు.

పెట్ట చేసే నాలుగు పనులు

పెట్ట ఊరికే కూర్చుంటుందని అనుకుంటాం. నిజానికి అది ఒకేసారి నాలుగు పనులు చేస్తుంది.

మొదటిది వేడి. కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీల సెంటీగ్రేడు. పొదుగుకు వచ్చిన పెట్ట రొమ్ము కింద ఈకలు రాలి చర్మం బయటపడుతుంది. ఆ చర్మం గుడ్లకు తగులుతుంది. గుడ్డు లోపల 37.5 నుంచి 38 డిగ్రీల దాకా ఉంటుంది.

రెండోది తేమ. గుడ్డు పెంకు మీద కంటికి కనిపించని వేల రంధ్రాలుంటాయి. వాటి నుంచి నీరు ఆవిరై పోతుంటుంది. ఎక్కువ పోతే పిల్ల ఎండి పొరకు అతుక్కుపోతుంది. తక్కువ పోతే గాలి గది చిన్నదై, పిల్ల ఊపిరి పీల్చే వేళకు చోటు చాలదు.

మూడోది తిప్పడం. పెట్ట ముక్కుతో, కాళ్లతో గుడ్లను రోజుకు ఎన్నోసార్లు కదుపుతుంది. పచ్చసొన తేలికగా ఉండి పైకి తేలుతుంది. గుడ్డును కదపకుండా వదిలేస్తే పిండం పెంకు లోపలి పొరకు అంటుకుని చనిపోతుంది.

నాలుగోది గాలి. పిండం పెరిగేకొద్దీ ఆక్సిజన్ ఎక్కువ తీసుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ వదులుతుంది. పెట్ట రోజుకోసారి మేతకు లేచినప్పుడు గుడ్లకు కొత్త గాలి తగులుతుంది. ఆ పావుగంటలో గుడ్లు కొంచెం చల్లబడతాయి. దాని వల్ల నష్టం లేదు.

మనుషులు ఈ నాలుగు పనులనూ పెట్ట లేకుండా చేయడం కొత్తేమీ కాదు. ఈజిప్టులో వేల ఏళ్లుగా మట్టి పొయ్యిల్లాంటి గదుల్లో గుడ్లు పొదిగించారు. థర్మామీటరు లేని కాలంలో గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి చూసుకునేవారు. ఫ్రాన్సు శాస్త్రవేత్త రియోమర్ పేడ కుప్ప వేడితో గుడ్లు పొదిగించే పద్ధతి మీద 1749లో పుస్తకమే రాశాడు. మన దేశంలో డాక్టర్ బి.వి.రావు 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్ స్థాపించారు. ఇలాంటి హ్యాచరీల్లో వేలకొద్దీ గుడ్లను ఒకేసారి పొదిగించే యంత్రాల్లో జరిగేది కూడా ఈ నాలుగు పనులే.

పెట్టె తయారీ

నాకు కావలసి వచ్చినవి ఇవి: చేపలు, మందులు పంపే మందపాటి థర్మాకోల్ పెట్టె ఒకటి, 40 వాట్ల బల్బులు రెండు, డిజిటల్ టెంపరేచర్ కంట్రోలర్ ఒకటి, పాత కంప్యూటర్ నుంచి తీసిన 12 వోల్టుల ఫ్యాను, దానికి అడాప్టర్, తేమ చూపే మీటరు, ఇనుప జాలీ, నీళ్లకు వెడల్పాటి గిన్నె.

బల్బుల దగ్గర ఒక మాట. పాత రకం ఫిలమెంటు బల్బులే కావాలి. ఎల్‌ఈడీ బల్బు వెలుగు బాగా ఇస్తుంది గానీ పెట్టెను వేడెక్కించలేదు. ఇంట్లో ఆదా అని మెచ్చుకునే గుణమే ఇక్కడ లోపం. రెండు బల్బులు ఎందుకంటే ఒకటి మాడిపోయినా రెండోది వెలుగుతుంది. కంట్రోలర్‌ను 37.3 దగ్గర వెలిగేట్టు, 37.7 దగ్గర ఆరేట్టు పెట్టాలి. ఫ్యాను ఉంటే పెట్టె అంతా ఒకే వేడి ఉంటుంది. ఫ్యాను లేకపోతే పైన ఎక్కువ, కింద తక్కువ ఉంటుంది కాబట్టి గుడ్ల పై భాగం దగ్గర కొలిచి 38.5 దాకా ఉంచాలి. కింద నాలుగు, పైన నాలుగు రంధ్రాలు చిటికెన వేలు పట్టేంతవి చేయాలి.

కొన్న మీటర్లను గుడ్డిగా నమ్మకూడదు. డిజిటల్ మీటరు ఒక డిగ్రీ తప్పు చూపడం మామూలే, గుడ్డుకు ఆ ఒక డిగ్రీయే చాలు. గోరువెచ్చటి నీళ్లలో జ్వరం చూసే థర్మామీటరునూ, కంట్రోలర్ సెన్సారునూ కలిపి పెట్టి తేడా రాసుకోండి. తేమ మీటరుకు ఇంకో పరీక్ష ఉంది. ఒక మూతలో ఉప్పు పోసి, ముద్ద అయ్యేలా నీళ్లు చల్లి, మీటరుతో కలిపి గాలి పోని సంచిలో ఎనిమిది గంటలు ఉంచాలి. తడి ఉప్పు పైన గాలిలో తేమ ఎప్పుడూ 75 శాతం దగ్గరే ఉంటుంది. మీటరు 70 చూపిస్తే అది 5 తక్కువ చూపుతోందన్నమాట.

హెచ్చరిక: థర్మాకోల్ తొందరగా అంటుకుంటుంది. బల్బు పెట్టెకు తగలకూడదు, బల్బు చుట్టూ జాలీ ఉండాలి. వైర్ల అతుకులు నీళ్ల గిన్నెకు దూరంగా ఉండాలి. కరెంటు పని తెలిసినవాళ్లతో ఒకసారి చూపించుకోండి. హాస్టల్ గదిలో మాత్రం చేయవద్దు.

మొదటి విడత: మా అమ్మ ముప్ఫై గుడ్లు

2024 మే నెలలో సెలవులకు ఇంటికి వెళ్లి పెట్టె తయారుచేశాను. గుడ్లు కావాలని అమ్మను అడిగాను. "ఏంది నాయనా, కోడి లేకుండా దీపం కింద పిల్లలవుతాయా?" అంది. అయినా ఇచ్చింది. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాణ్ని నేనే మొదట, కాబట్టి నేను చెప్పింది జరుగుతుందని ఆమె నమ్మకం. అమ్ముకోవాల్సిన ముప్ఫై గుడ్లు. తనవి పదిహేడు, పక్కింటి పెద్దమ్మ దగ్గర బదులు తెచ్చినవి పదమూడు.

ఏడో రోజు టార్చి వేసి చూస్తే ఏడు వట్టి గుడ్లు. మిగతా ఇరవై మూడింటిలో సాలెగూడులాంటి ఎర్రటి నరాలు, మధ్యలో కదిలే నల్లటి చుక్క. అమ్మకు చూపించాను. ఆమె చాలాసేపు చూసి ఏమీ అనకుండా పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఆ రోజు నాకు నూటికి నూరు మార్కులు వచ్చినట్టే ఉంది.

ఇరవై ఒకటో రోజు మూడే మూడు పిల్లలు వచ్చాయి. ఇరవై రెండో రోజు, ఇరవై మూడో రోజు చూశాం. ఇక రాలేదు. పక్కింటి పెద్దమ్మ వచ్చి చూసి, "చదువుకున్న పెట్టె కంటే చదువురాని పెట్టే నయం గదా అబ్బాయ్!" అని నవ్వింది. అమ్మ నవ్వలేదు. పెద్దమ్మకు పదమూడు గుడ్లు తర్వాత వాయిదాల మీద తిరిగి ఇచ్చింది.

"పదో రోజో పదకొండో రోజో మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోయింది, అందుకే ఇట్లా అయింది" అని నేను అందరికీ చెప్పాను. నిజంగానే అట్లా అనుకున్నాను. అందరూ ఒప్పుకున్నారు కూడా. కరెంటును తిడితే కాదనేవాళ్లు మన ఊళ్లో ఎవరుంటారు?

పగలని గుడ్లు చెప్పిన పాఠం

పగలని గుడ్లను పెంటలో పారేయబోయి ఆగాను. కాలేజీ ప్రయోగశాలలో కోడి పిండం స్లైడ్లు చూసి బొమ్మలు గీసిన వాళ్లం, ఇవి పగలగొట్టి చూస్తే ఏమైందో తెలియాలి కదా అనిపించింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని పెరట్లో ఇరవై గుడ్లూ ఒక్కొక్కటిగా తెరిచాను. ఇరవైలో పదిహేడు పిండాలు ఒకే పరిమాణంలో ఉన్నాయి. ముక్కు ఏర్పడింది, ఒంటి మీద ఈకల మొలకలు అప్పుడే కనిపిస్తున్నాయి. పుస్తకంలో బొమ్మతో పోల్చితే అది పది, పదకొండు రోజుల వయసు. అంటే అన్నీ ఒక్క రోజునే చనిపోయాయి. నా కరెంటు మాట నిజమే అనుకున్నాను.

కానీ ఒక విషయం కుదరలేదు. చిన్న పిండాలు చలిని చాలావరకు తట్టుకుంటాయని పుస్తకాలు చెబుతాయి. వేడిని అట్లా తట్టుకోలేవు. మూడు గంటల చల్లదనానికి పదిహేడు ఎట్లా పోతాయి? పైగా మే నెల మధ్యాహ్నం మా ఇంట్లో చల్లదనం ఎక్కడిది?

మర్నాడు ఖాళీ పెట్టెను అదే చోట, అదే రేకుల గదిలో, స్విచ్చి ఆపేసి థర్మామీటరు పెట్టి ఉంచాను. మధ్యాహ్నం మూడు గంటలకు చూస్తే 41 డిగ్రీలు. ఒక్క బల్బు కూడా వెలగడం లేదు!

అప్పుడు అర్థమైంది. మన పెట్టెకు వేడి పెంచడం తెలుసు, తగ్గించడం తెలియదు. కంట్రోలర్ చేయగలిగినదల్లా బల్బు ఆర్పడమే. గదే 40 డిగ్రీలు దాటితే బల్బు ఆరి ఉన్నా పెట్టె ఉడుకుతుంది. ఆ రోజు కరెంటు పోయినప్పుడు ఫ్యాను కూడా ఆగి, ఆ వేడి గాలి లోపలే నిలిచిపోయింది. గుడ్లు చల్లబడతాయన్న భయంతో నేను పైన దుప్పటి కూడా కప్పాను! నీళ్ల గిన్నె పక్కన ఉన్న మూడు గుడ్లే బతికాయి. ఆవిరయ్యే నీరు ఆ మూలను కాస్త చల్లగా ఉంచి ఉంటుంది.

పుస్తకంలో ఉన్న 37.5 అనే అంకె నాకు నోటికి వచ్చు. ఆ పుస్తకం రాసినవాళ్ల గదుల్లో పెట్టెను వేడి చేయడమే సమస్య. మార్కాపురం, గిద్దలూరు వైపు ఎండాకాలంలో పెట్టెను చల్లగా ఉంచడం సమస్య. ఈ తేడా నాకు ఆ పదిహేడు గుడ్లు చెప్పాయి. నా నోటు పుస్తకంలో ఉదయం ఆరు, రాత్రి తొమ్మిది వేడి మాత్రమే రాసి ఉంది. మధ్యాహ్నం అంకె ఒక్కటి రాసి ఉన్నా ఆ రోజే తెలిసేది. జరిగింది అమ్మకు చెప్పాను. "కరెంటు తప్పు కాదు, నాదే" అన్నాను. "అయితే చలికాలంలో పెట్టు" అంది. అంతే.

రెండో విడత

అదే ఏడాది కార్తీకంలో మళ్లీ పెట్టాను. ఈసారి ముప్ఫై ఆరు గుడ్లు. ఈ క్రమం పాటించాను.

గుడ్ల సేకరణ: పెట్టి ఏడు రోజులు దాటని గుడ్లే తీసుకున్నాను. మరీ పెద్దవి, మరీ చిన్నవి, నెర్రె ఉన్నవి వదిలేశాను. ఫ్రిజ్‌లో పెట్టినవి వద్దు. కడగకూడదు, ఎందుకంటే గుడ్డు మీద సూక్ష్మజీవుల్ని ఆపే సన్నటి పూత ఉంటుంది. మట్టి ఉంటే పొడి గుడ్డతో తుడవాలి. వేడి గదిలో 24, 25 డిగ్రీలు దాటితే పిండం పొదగకముందే కొంచెం పెరగడం మొదలుపెట్టి బలహీనపడుతుంది. అందుకని తడి ఇసుకలో సగం పూడ్చిన మట్టి కుండలో పొడి గడ్డి వేసి, వెడల్పు కొన పైకి ఉండేలా దాచాను. కుండ చెమర్చి లోపల చల్లగా ఉంటుంది.

పెట్టడం: గుడ్లు పెట్టకముందు పెట్టెను ఒక రోజంతా ఖాళీగా నడిపి చూశాను. గుడ్డుకు ఒకవైపు పెన్సిలుతో ఇంటూ గుర్తు, మరోవైపు సున్నా గీశాను. రోజుకు అయిదుసార్లు తిప్పాను. బేసి సంఖ్య ఎందుకంటే, రాత్రిపూట ఎక్కువసేపు ఒకే వైపు ఉంటుంది కదా, బేసిసార్లు తిప్పితే ఒక రాత్రి ఈ వైపు, మరుసటి రాత్రి ఆ వైపు వస్తుంది. తేమ 50 నుంచి 55 శాతం.

1 నుంచి 4 రోజులు: రెండో రోజుకే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. మూడు, నాలుగు రోజులకు నరాలు కనిపిస్తాయి.

7వ రోజు: చీకటి గదిలో టార్చి పరీక్ష. అయిదు వట్టి గుడ్లు. ముప్ఫై ఒకటి మంచివి. వెలుతురులో నరాలు లేకుండా ఎర్రటి గీత ఉంగరంలా కనిపిస్తే, ఆ పిండం మొదట్లోనే చనిపోయినట్టు.

14వ రోజు: రెండు చనిపోయాయి. తీసేశాను. తీయకపోతే కుళ్లి పగిలి, మిగతావాటికీ చెడు చేస్తాయి.

18వ రోజు: తిప్పడం ఆపాలి. పిల్ల అప్పటికి తలను గాలి గది వైపు పెట్టుకుని సర్దుకుంటుంది. తేమను 65 నుంచి 70 శాతానికి పెంచాలి. దీనికి వెడల్పు గిన్నె కావాలి. తేమ నిర్ణయించేది నీళ్ల లోతు కాదు, పైనున్న వెడల్పు.

తేమ సరిగ్గా ఉందో లేదో చెప్పడానికి మీటరు కంటే తూకం నమ్మకం. గుర్తు పెట్టిన పది గుడ్లు మొదటి రోజు 450 గ్రాములు తూగాయి. అదృష్టం కొద్దీ వాటిలో వట్టి గుడ్డు పడలేదు. పద్దెనిమిదో రోజుకు గుడ్డు నూటికి 11 నుంచి 13 వంతులు తగ్గాలి. నావి 398 గ్రాములకు వచ్చాయి. అంటే 52 గ్రాములు తగ్గాయి, నూటికి పదకొండున్నర. ఎక్కువ తగ్గుతుంటే నీళ్ల గిన్నె పెద్దది చేయాలి, తక్కువ తగ్గుతుంటే చిన్నది చేయాలి.

20, 21 రోజులు: పిల్ల ముక్కుతో గాలి గది పొర చీల్చుకుని మొదటిసారి ఊపిరి పీలుస్తుంది. పెంకులోంచి కీచుమనే శబ్దం వినిపిస్తుంది. ముక్కు చివర ఉండే చిన్న గట్టి మొనతో పెంకుకు కన్నం పెడుతుంది. ఆ తర్వాత చాలా గంటలు ఊరికే ఉంటుంది. చూసేవాళ్లకు ప్రాణం ఆగదు. ఆ సమయంలో మిగిలిన పచ్చసొన దాని పొట్టలోకి వెళుతుంది, పొర మీది రక్తనాళాలు ఎండుతాయి. మనం జాలిపడి పెంకు ఒలిస్తే రక్తం కారి చనిపోతుంది. మూత తీస్తే తేమ పోయి పొర బిగుసుకుంటుంది. నేను ఒక్కసారి తీశాను. రెండు పిల్లలు కన్నం పెట్టి కూడా బయటికి రాలేక చనిపోయాయి.

ముప్ఫై ఒకటిలో ఇరవై అయిదు వచ్చాయి. నూటికి ఎనభై. పక్కింటి పెద్దమ్మ పిల్లల్ని గంపలో లెక్కపెట్టి, "ఈ పెట్టెకు చదువొచ్చిందే" అంది.

కరెంటు పోతే ఏం చేయాలి?

ముందు థర్మామీటరు చూడాలి. ఏ కాలమో చూడాలి. చలికాలమైతే మూత తీయకుండా దుప్పటి కప్పాలి. ఎక్కువసేపు పోతే వేడినీళ్లు పోసిన ప్లాస్టిక్ సీసాలు గుడ్లకు తగలకుండా పక్కన పెట్టాలి. ఎండాకాలమైతే దుప్పటి కప్పకూడదు. మూత కాస్త వారగా తీసి, పెట్టెను నేల మీద చల్లటి గదిలో ఉంచాలి. చివరి వారంలో గుడ్లు తామే వేడి పుట్టిస్తాయి కాబట్టి అప్పుడు వేడి పెరగకుండా మరింత జాగ్రత్త కావాలి. అన్నిటికంటే మంచిది, ఏప్రిల్ నుంచి జూన్ సగం దాకా రేకుల గదిలో ఈ పని పెట్టుకోకపోవడం.

ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని మన ఇళ్లలో పొదుగు గంపలో ఇనుప మేకు, బొగ్గు ముక్క వేస్తారు. ఉరుముకూ గుడ్డుకూ సంబంధం లేదు. కానీ పెద్దవాళ్లు గంప కింద తడి ఇసుక పోయడం, గంపను ఇంట్లో చల్లటి మూలన పెట్టడం మాత్రం నూటికి నూరుపాళ్లు సైన్సే. అమ్మ ఎప్పుడూ ఆ మూలనే పెట్టేది. నేను మొదటిసారి నా పెట్టెను రేకుల గదిలో పెట్టేముందు అమ్మను ఒక్క మాట అడగలేదు.

పిల్లలు వచ్చాక

పొట్టలో చేరిన పచ్చసొన వల్ల పిల్లలు రెండు రోజుల దాకా మేత లేకుండా ఉండగలవు. ఒళ్లు ఆరి పొంగే దాకా పెట్టెలోనే ఉంచాలి. తర్వాత బల్బు పెట్టిన గంపలోకి మార్చి, మొదటి వారం 34, 35 డిగ్రీలు ఉంచి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. పిల్లలు బల్బు కింద గుంపు కడితే చలి, దూరంగా పారిపోయి నోరు తెరిస్తే వేడి. థర్మామీటరు కంటే వాటి తీరే ముందు చెబుతుంది. మొదట నీళ్లు, తర్వాత మెత్తటి నూకలు, పిల్లల దాణా. అయిదు నుంచి ఏడు రోజుల మధ్య కంట్లో లసోటా చుక్క, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆర్2బి టీకా వేయించాలి. ఊళ్లో కోళ్లన్నిటినీ ఊడ్చుకుపోయే కొక్కెర తెగులు రాకుండా ఆపేవి ఇవే. పశువుల ఆస్పత్రిలో అడగండి. ఇరవై అయిదు పిల్లల్ని చేసి టీకా వేయించకపోతే చేసిన పనంతా వృథా.

నెమలి గుడ్ల సంగతి

ఇక ఫోన్ చేసిన తమ్ముడి ప్రశ్న. వాడి ఆలోచన తప్పుగా మొదలైంది కాదు. నెమలి, అడవికోడి, కౌజు, పూరేడు, టర్కీ, మన నాటుకోడి అన్నీ ఒకే కుటుంబం. విదేశాల్లో ఫెజెంట్ అని పిలిచే పొడవు తోక పక్షిదీ ఇదే కుటుంబం. ఇంగ్లండు, అమెరికా వంటి చోట్ల ఫెజెంట్ గుడ్లను ఇళ్లలో ఇలాంటి పెట్టెల్లోనే పొదిగిస్తారు. పద్ధతి ఒకటే, రోజులే మారతాయి. జపాన్ క్వెయిల్ 17, 18 రోజులు, నాటుకోడి 21, ఫెజెంట్ 23 నుంచి 25, గిన్నీకోడి 26 నుంచి 28, బాతు, టర్కీ 28, నెమలి 28 నుంచి 30. మన కోళ్ల పసుపు కాళ్ల రంగు జన్యువు దక్షిణాదిన, మన నల్లమలలో కూడా తిరిగే బూడిద రంగు అడవికోడి నుంచి వచ్చిందని శాస్త్రవేత్తలు 2008లో తేల్చారు. అంటే అమ్మ గంపలోని కోడికి అడవిలో చుట్టాలున్నారు.

పెట్టెలో పెడితే నెమలి పిల్ల వస్తుందేమో కూడా. అయినా వద్దన్నాను. రెండు కారణాలు చెప్పాను.

ఒకటి చట్టం. నెమలి 1963 నుంచి మన జాతీయ పక్షి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూలులో ఉంది. ఆ చట్టం ప్రకారం అడవి పక్షి గుడ్డు తీయడం, గూడు చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తాయి. మొదటి షెడ్యూలు జీవుల విషయంలో మూడేళ్లకు తక్కువ కాని జైలు శిక్ష ఉంది. కౌజు, పూరేడు, అడవికోడి గుడ్లకు కూడా రక్షణ ఉంది. చదువుకునే పిల్లవాడు సరదాకు తెచ్చిన నాలుగు గుడ్ల వల్ల కేసులో ఇరుక్కుంటే ఇంట్లోవాళ్లు ఎన్నాళ్లు తిరగాలి?

రెండోది ఇంకా ముఖ్యం. మన పెట్టె పెట్ట చేసే నాలుగు పనులు చేస్తుంది గానీ అయిదో పని చేయలేదు. గద్ద వస్తే ఎక్కడ దాక్కోవాలి, ఏ పురుగు తినాలి, చెట్టు ఎప్పుడు ఎక్కాలి అని నేర్పలేదు. కోడిపిల్లకు మనం గంప వేసి కాస్తాం. నెమలి పిల్లకు తల్లే గంప. హిమాచల్ ప్రదేశ్‌లోని సరాహన్‌లో వెస్టర్న్ ట్రాగోపాన్ అనే అరుదైన ఫెజెంట్‌ను ప్రభుత్వమే ప్రత్యేక కేంద్రంలో పెంచుతోంది. అది అనుమతితో, నిపుణులతో, ఏళ్ల తరబడి చేసే పని. తల్లి గూటి మీద ఉండగా మనం గుడ్లు ఎత్తుకురావడం దానికి పూర్తిగా వ్యతిరేకం.

"అయితే ఏం చేయనన్నా?" అన్నాడు. "ముట్టుకోకు, ఎవరికీ చెప్పకు, దూరం నుంచి రోజుకోసారి చూసి నోటు పుస్తకంలో రాయి" అన్నాను. నెల లోపే మళ్లీ ఫోన్ చేశాడు. గూట్లో గుడ్లు లేవు, పెంకులే ఉన్నాయట, కుక్కలు తిన్నాయేమోనని గొంతు వణుకుతోంది. "పెంకులు ఎట్లా ఉన్నాయి, నలిగి ఉన్నాయా?" అని అడిగాను. "లేదన్నా, వెడల్పు కొన మూత తీసినట్టు గుండ్రంగా ఊడి ఉంది" అన్నాడు. తినే జంతువు పెంకు నలుపుతుంది, అట్లా గుండ్రంగా కోసుకుని వచ్చేది పిల్ల ఒక్కటే. తల్లి వాటిని వెంటేసుకుని వెళ్లిపోయిందని చెప్పాను. వాడి సంతోషం ఫోన్లోనే తెలిసింది. తేదీలు, అంకెలు అన్నీ రాసి పెట్టాడు. వాడి నోటు పుస్తకం నాకంటే బాగుంది, మధ్యాహ్నం వేళ కూడా చూసి రాశాడు.

ముగింపు

తమ్ముళ్లూ, మీలో ఎవరైనా ఇంటి దగ్గర ఈ పని చేయాలనుకుంటే పది గుడ్లతో మొదలుపెట్టండి, ముప్ఫైతో కాదు. మూడు పూటలా వేడి రాయండి. ఎక్కడ పెట్టాలో ముందు మీ అమ్మను అడగండి. గుడ్లు పగలకపోతే వెంటనే కరెంటును తిట్టకండి, ఒక్కో గుడ్డు తెరిచి చూడండి. ఆ వాసన భరించగలిగితే జవాబు అందులోనే ఉంటుంది.

ట్రంకు పెట్టెలో గుడ్డు దాచిన రోజుల్లో నాకు ఇవన్నీ చెప్పేవాళ్లు లేరు. అందుకే మన వార్షిక సంచికలో ఇంత పొడుగు రాశాను. అనుమానాలుంటే సెలవుల్లో తర్లుపాడు రండి. పెట్టె చూపిస్తాను. అమ్మ నవ్వుతూ అన్నం పెడుతుంది, గుడ్డుతో సహా.